పన్నెండు నలభైకి మడ అడవిలోకి

రిగ్గై,
20 ఫిబ్రవరి 2009.

శ్రీ బంగారయ్య గారికి,
బోట్ల షెడ్డు, ఫింటాస్.

కువైట్ గోదావరి తీరవాసుల సాంస్కృతిక సంఘం ప్రధాన కార్యదర్శి హోదాలో, సకల మర్యాదలతో వ్రాయునది.

ఏ కార్యమునకైనా ముందు పద్ధతి, ఆ పద్ధతికి ముందు ఒక పీఠిక అవసరం. ఇది ఆ పీఠిక. మొన్న శుక్రవారం మీరు ఫోనులో చెప్పిన విషయం నేను విన్నాను గాని, సంఘం వినలేదు. ఫోనులో చెప్పిన మాటకు తేదీ ఉండదు, సంతకం ఉండదు, ఫైలులో గుచ్చడానికి దానికి రంధ్రాలు చేయడం సాధ్యపడదు. కనుక ఇకపై మన మధ్య సమస్త వ్యవహారమూ లిఖితపూర్వకంగా, మణి గారి కూరగాయల వ్యాను ద్వారా మాత్రమే నడువవలెను.

సులైబిఖాత్ వైపు తీరంలో మడ చెట్లు ఉన్నవనియు, రాత్రివేళ గైడుతో సహా వాటి మధ్య పడవ విహారం మీకు వీసా ఇచ్చిన యజమాని, అనగా మీ కఫీల్ గారు కొత్తగా ప్రారంభిస్తున్నారనియు, మొదటి జట్టుగా మన సంఘం రావలెననియు మీరు కోరినట్టు గ్రహించడమైనది. పాపికొండల లాంచీ ప్రయాణం ఎరిగినవారమే గనుక మాకు కొత్తగా చెప్పవలసినది లేదు. సభ్యులు నలభై ఆరుగురు. యాభై దాటినవారికి క్రింది అంతస్తు, సాంస్కృతిక కార్యక్రమానికి పై అంతస్తు కేటాయించగలరు. ఎక్కగానే ఉప్మా, మలుపు తిరిగాక భోజనం. మైకు సెట్టు ఒకటి. మరుగుదొడ్డికి లోపలి తాళం ఉన్నదో లేదో ప్రత్యేకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
పేరూరి వెంకటసత్యనారాయణ

తాజా కలం: నాకు నీళ్ళంటే భయమని సంఘంలో ఒక వదంతి ఉన్నది. అది నిరాధారం. అయితే నా కుర్చీని లాంచీకి సరిగ్గా మధ్యలో, ఇరువైపుల నీళ్ళకూ సమాన దూరంలో వేయించవలెను. ఇది కేవలం హోదాకు సంబంధించిన విషయం.

———

ఫింటాస్,
25 ఫిబ్రవరి.

గౌరవనీయులైన సత్యనారాయణ గారికి, బంగారయ్య నమస్కారం చేసి రాసుకునేదండి.

ఆయ్, మీ ఉత్తరం అందిందండి. రెండుసార్లు చదివానండి. అన్నీ అలాగేనండి. నలభై ఆరుగురు అన్నారు, అలాగేనండి. ఉప్మా అన్నారు, అలాగేనండి. కాకపోతే చిన్న మాటండి. మా పడవకి మేడ ఉండదండి. సన్నంగా, పొడుగ్గా ఉంటదండి. కయాక్ అంటారండి.

నా సంగతి కూడా మీ చెవిన వేస్తానండి. మాది తాళ్ళరేవు అవతల, మడ అడవి అంచునేనండి. మా తాత, మా నాన్న ఆ కాలవల్లోనే పీతలు పట్టారండి. నేను ఇక్కడికొచ్చి పదకొండేళ్ళు, ఈ షెడ్డుకి కాపలా, పడవలు కడగడం అండి. ఇప్పుడు మా కఫీల్ అబూ సాలెం గారు ఒక మాటన్నారండి. మొదటి జట్టుని నేనే తెచ్చుకోవాలంట. ఆ జట్టు పెద్ద "ఈ మనిషి మంచి గైడు" అని సంతకం పెట్టి కాగితమిస్తే, నా ఇఖామా పర్మిట్టులో పని పేరు మార్పించి గైడుగా పెట్టుకుంటారంటండి. ఇవ్వకపోతే షెడ్డు మూసేసి నన్ను వఫ్రా ఎడారిలో వాళ్ళ తోటకి పంపిస్తారంట, మేకల దగ్గరికి. మేకలు మంచియ్యేనండి. గాని అక్కడ నీళ్ళంటే గొట్టంలో వచ్చేవే అండి.

తమరు దయ చూపించాలండి.

ఇట్లు తమ విధేయుడు,
బంగారయ్య

తా.క.: కుర్చీ మధ్యలో వేయించమన్నారు, అలాగేనండి. మా పడవకి మధ్య అంటే ఇటు జానెడు, అటు జానెడు అండి.

———

రిగ్గై,
1 మార్చి 2009.

శ్రీ బంగారయ్య గారికి, సంఘం తరఫున శుభాకాంక్షలతో.

మీ ఉత్తరంలో "అలాగేనండి" అను అంగీకారం నాలుగు చోట్ల లిఖితపూర్వకంగా ఉన్నందున, లాంచీ ఖరారైనట్టు మినిట్స్ పుస్తకంలో నమోదు చేయడమైనది. మేడ లేదన్నారు. ఒంటి అంతస్తు లాంచీకి కార్యవర్గం పెద్ద మనసుతో సమ్మతించినది. పొడుగ్గా ఉంటుందన్నారు గనుక నలభై ఆరుగురినీ ఒకే వరుసలో, వయసు క్రమంలో కూర్చోబెట్టుటకు పట్టిక తయారైనది. ఉప్మాకు గ్యాసు పొయ్యి మేమే తెస్తాము. మీరు లాంచీలో గాలి తగలని మూల ఒకటి చూసి పెట్టగలరు.

మీ యోగ్యతా పత్రం గురించి వ్రాసినారు. ఇరవై రెండేళ్ళుగా, మధ్యలో యుద్ధపు ఏడాది మినహా, ఈ దేశంలో స్టోర్ కీపరుగా పనిచేస్తూ, కళ్ళతో చూడని వస్తువుకు నేను సంతకం పెట్టి ఎరుగను. స్వయంగా తనిఖీ చేసిన పిదపనే పత్రం ఇవ్వబడును. అందుకై పద్నాలుగు గడులతో ఒక ఫారం రూపొందించాను. అందులో పదకొండవ గడి "గైడు ప్రవర్తన". మిగిలిన పదమూడూ లోపాల కొరకు.

ఇట్లు,
పే. వెంకటసత్యనారాయణ

తాజా కలం: మరుగుదొడ్డి తాళం విషయమై మీరు మౌనం వహించినారు. మౌనమును ఫైలు చేయలేము.

———

ఫింటాస్,
5 మార్చి.

సత్యనారాయణ గారికి బంగారయ్య నమస్కారాలండి.

తప్పు నాదేనండి. మా వైపు మనుషులకి పెద్దవాళ్ళ ముందు కాదు, లేదు అనడం నోటికి రాదండి. మా ఆవిడ కూడా ఇదే తిడతదండి. "పడవ మునుగుతోందా అనడిగినా అలాగేనండి అంటావు" అంటదండి. ఇప్పుడు గుండె రాయి చేసుకుని ఉన్నదున్నట్టు రాస్తన్నానండి.

అది లాంచీ కాదండి. అరటి దొప్పంత ఉంటదండి. ఒక్కోదాంట్లో ఇద్దరే, ఒకరి వెనకాల ఒకరు, కాళ్ళు చాపుకుని కూర్చోవాలండి. ఎవరి తెడ్డు వాళ్ళే వెయ్యాలండి. ఆరు పడవలున్నాయండి, పన్నెండుగురు పడతారండి. నేను వేరే చిన్నదాంట్లో ముందు దారి చూపిస్తానండి. పొయ్యి పెట్టడానికి మూల లేదండి, మూలలే లేవండి.

మంచి రోజు చెబుతానండి. మార్చి 26, గురువారం, కొత్త అమావాస్య. ఆ రాత్రి చీకటికి నీళ్ళల్లో ఒక వింత కనపడతదండి, అది రాస్తే నమ్మరు, చూడాలండి. రాత్రి పదకొండింటికి పోటు నిండి, చెట్ల మధ్య కాలవల్లో నిండా నీళ్ళుంటాయండి. తొమ్మిదిన్నరకి ఎక్కి, పన్నెండున్నరకల్లా ఒడ్డున దిగిపోవాలండి. తర్వాత పాటు మొదలవుద్దండి, నీళ్ళు సముద్రంలోకి వెళ్ళిపోతాయండి.

ఇట్లు,
బంగారయ్య

తా.క.: మరుగుదొడ్డి తాళం గురించి అడిగారు. తాళం ఉందండి. మరుగుదొడ్డి లేదండి.

———

రిగ్గై,
13 మార్చి 2009.

శ్రీ బంగారయ్య గారికి,

మీ ఉత్తరం అత్యవసర సమావేశంలో చదివి వినిపించడమైనది. "కాళ్ళు చాపుకుని" అన్న చోటికి వచ్చేసరికి పద్దెనిమిది మందికి మోకాళ్ళ నొప్పులు, "ఎవరి తెడ్డు వాళ్ళే" అన్న చోట మరో పదహారుగురికి మరుసటి ఉదయం ఉగాది ఏర్పాట్లు గుర్తుకు వచ్చినవి. సరిగ్గా పన్నెండుగురు మిగిలినారు. నా పడవలో వెనుక సీటుకు అచ్చాయమ్మ గారు స్వచ్ఛందంగా ముందుకు వచ్చినారు. ఆమె మీ ఫింటాస్‌లోనే ఒక అరబ్బుల ఇంట వంట చేస్తారు. చిన్నతనంలో పాయ దాటి బడికి పోవుటకు తానే పడవ నడిపినట్టు చెప్పుచున్నారు. ధ్రువపత్రం చూపలేదు.

ఇక ముహూర్తం. అమావాస్య నాడు ప్రయాణం మన నియమావళి తొమ్మిదవ నిబంధనకు విరుద్ధం. అయితే పంచాంగం పరిశీలించగా, అమావాస్య ఆ రాత్రి 9.36కు వెళ్ళిపోవుచున్నది. ఆ వెనుకనే వర్జ్యం ప్రవేశించి 12.40కి వదులుచున్నది. కనుక పడవలు రాత్రి 12.40కి కదలవలెను. ఒక నిమిషం ముందు కాదు. సంఘానికి ఏ ఆపద వచ్చినా అది వర్జ్యంలో వచ్చినదని రేపు ఎవరూ అనరాదు.

ఇట్లు,
పే. వెంకటసత్యనారాయణ

తాజా కలం: నేను కూడా తెడ్డు వేయవలెనని వ్రాసినారు. కార్యదర్శి తెడ్డు వేయుటకు నియమావళిలో ఏర్పాటు లేదు. పర్యవేక్షిస్తాను.

———

ఫింటాస్,
17 మార్చి.

అయ్యా సత్యనారాయణ గారూ,

పన్నెండు నలభైకి వద్దండి. అప్పటికి నీళ్ళు వెనక్కి పోతా ఉంటాయండి. రెండు దాటితే కాలవలో బురదేనండి. పడవలు చెట్ల మధ్య దిగబడిపోతాయండి, మళ్ళీ పోటొచ్చి లేపేదాకా కదలవండి. అది పొద్దున్న ఎనిమిదింటికండి. వర్జ్యం ఎవరినైనా ఒదిలిపెడతదేమోగాని, పాటు ఒదిలిపెట్టదండి.

ఇది మాత్రం అలాగేనండి అనలేనండి. కుదరదండి.

బంగారయ్య

తా.క.: ఆ ఆఖరి మాట రాసి, చింపి, మళ్ళీ రాశానండి. జన్మలో మొదటిసారండి.

———

రిగ్గై,
20 మార్చి 2009.

శ్రీ బంగారయ్య గారికి,

17వ తేదీతో మీ పేరిట ఒక ఉత్తరం అందినది. అందులో "కుదరదు" అను మాట ఉన్నది. మీ పూర్వపు ఉత్తరాల శైలితో సరిపోల్చగా, అది మీరు వ్రాసినది కాదనియు, మరెవరో మీ పేరు వాడుకున్నారనియు కార్యవర్గం ఏకగ్రీవంగా నిర్ధారించినది. కనుక దానిపై చర్య లేదు.

26వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే తీరానికి చేరి, 12.40 వరకు క్రమశిక్షణతో వేచి ఉండగలము.

ఇట్లు,
పే. వెంకటసత్యనారాయణ

తాజా కలం: మీ పేరు వాడుకుంటున్న వ్యక్తి విషయమై జాగ్రత్త వహించగలరు. అతనికి సముద్రం గురించి బాగా తెలిసినట్టున్నది.

———

ఫింటాస్,
29 మార్చి.

గౌరవనీయులైన సత్యనారాయణ గారికి,

బంగారయ్య నమస్కారాలండి. ఇదే ఆఖరి ఉత్తరమేమోనండి. జరిగింది జరిగినట్టు రాసుకుంటే మనసు తేలికవుద్దని రాస్తన్నానండి.

ఆ రాత్రి మీరు పన్నెండుగురూ చాపలేసుకుని ఒడ్డున కూర్చున్నారండి. పదకొండింటికి పోటు నిండుగా వచ్చి మీ చాప అంచు తడిపిందండి. నేను మీ వంక చూశానండి. మీరు గడియారం వంక చూసి చాప వెనక్కి జరిపారండి. సముద్రం గుమ్మంలోకి వచ్చి పిలిచిందండి, మనం వెళ్ళలేదండి.

పన్నెండు నలభైకి ఎక్కాం. "కార్యదర్శి గారూ, తెడ్డు నీళ్ళల్లో పెట్టాలండి, పైకెత్తి దీవించకూడదండి" అని అచ్చాయమ్మ గారు అంటంటే అందరూ నవ్వారండి. అప్పుడు మీరు తెడ్డు నీళ్ళల్లో పెట్టారండి. పెట్టిన చోట నీళ్ళు నీలంగా వెలిగాయండి. మా సముద్రంలోనూ కొన్ని రాత్రులు ఇలా వెలుగుద్దండి, గాని ఇంత ఎప్పుడూ చూడలేదండి. మీరు తెడ్డు తీసేసి, ఏదో పగలగొట్టినట్టు భయంగా నా వంక చూశారండి. "ఏం కాదండి, మళ్ళీ పెట్టండి" అన్నానండి. మళ్ళీ పెట్టారండి. అప్పటి నుంచి ఎవరూ నవ్వలేదండి.

రెండుంబావుకి, నేను భయపడ్డట్టే, దిగబడిపోయాం. ఆరు పడవలూ బురద మీద కూర్చుండిపోయాయండి. నేను దిగి, నా పడవ ముక్కుకి దీపం తగిలించి, అన్నిటినీ ఒకే తాడుకి కట్టి, ఆ కొస పట్టుకుని మోకాలి లోతు బురదలో నిలబడ్డానండి. ఒకళ్ళకి భయమేస్తే ఆ ఊపు తాడులో తెలుస్తదని. మీరు తిడతారని చూశానండి. రెండున్నర అయ్యింది, మూడయ్యింది, నాలుగయ్యింది. మీరు ఒక్క మాట అనలేదండి. తిట్టినా బాగుండేదండి. నాకు మేకలు కనపడ్డాయండి.

తెల్లారగట్ల ఆ పక్షులొచ్చాయి, మీరూ చూశారుగా. ఉగాది కదా అని అచ్చాయమ్మ గారు డబ్బాలో పచ్చడి కలిపి పడవ పడవకీ అందించమన్నారండి. అందరూ కళ్ళు పక్షుల మీంచి తియ్యకుండా చేతులు చాపారండి. పచ్చడి ఎలాగుందో కూడా ఎవరూ అనలేదండి. అప్పుడే అనుకున్నానండి, నా పనైపోయిందని.

ఎనిమిదిన్నరకి ఒడ్డు చేరేసరికి అబూ సాలెం గారు నిలబడి ఉన్నారండి. నన్ను కాలి నుంచి తల దాకా చూశారండి. చెయ్యి చాపి షెడ్డు తాళంచెవి అడిగి తీసుకుని వెళ్ళిపోయారండి. పదకొండేళ్ళ నుంచి నా మొలతాడుకి ఉన్న చెవండి అది. సంచీ సర్దుకున్నానండి. వఫ్రా బస్సు ఎప్పుడుంటదో కనుక్కున్నాను.

ఒక్కటే కోరికండి. ఆ ఫారం నింపొద్దండి. పదమూడు గడులూ చదివే ఓపిక నాకు లేదండి.

ఇట్లు,
బంగారయ్య

తా.క.: మీ ఎడం చెప్పు బురదలో దొరికిందండి. మణి గారితో పంపుతున్నాను. లోపల ఒక పీత ఉందండి, ఎంత చెప్పినా బయటికి రానంటదండి.

———

రిగ్గై,
2 ఏప్రిల్ 2009.

గైడు శ్రీ బంగారయ్య గారికి,

పైన వ్రాసిన హోదాను మరొకసారి చదువుకొని, సంచీలోని బట్టలు తిరిగి కొయ్యకు తగిలించి, పిమ్మట ఈ ఉత్తరం చదువవలెను.

తనిఖీ నివేదిక ఇందుతో జతపరచడమైనది. పదమూడు గడులూ ఖాళీగా ఉన్నవి. అది నా అలసత్వం కాదు. 27వ తేదీ తెల్లవారుజామున 2.15 నుంచి 5.40 వరకు ఈ క్రింద సంతకం చేసిన వ్యక్తి ఏ విషయంపైనా ఎటువంటి అభ్యంతరమూ లేవదీయలేదు. సంఘ చరిత్రలో ఇది అతి దీర్ఘమైన విరామం. దానిని మీరు కోపంగా గ్రహించినారు. నేను మొదట చలి అనుకున్నాను.

చూసినది చూసినట్టు వ్రాయుట నా వృత్తి. కనుక వ్రాస్తున్నాను. చుక్కలు పైన ఉన్నవో, క్రింద మిగిలిన ఆ కాసిని నీళ్ళలో ఉన్నవో నిర్ణయించుటకు కొంతసేపు ప్రయత్నించి, ఆ అంశాన్ని వాయిదా వేశాను. బురద నిండా, అగరువత్తులు గుచ్చినట్టు వేలకు వేల వేళ్ళు ఆకాశం వైపు నిలబడి ఉన్నవి. అవి ఆ చెట్లు ఊపిరి పీల్చుకునే వేళ్ళని మీరు మెల్లగా చెప్పినారు. అది విన్న తరువాత నేను కూడా ఊపిరి పీల్చుచున్నట్టు గమనించాను. యాభై మూడేళ్ళలో ఆ విషయం నా దృష్టికి తేబడలేదు. దూరాన నగరపు దీపాలు. ఇరవై రెండేళ్ళు నేను ఆ దీపాల వైపు కూర్చొని, ఈ దేశంలో ఇసుక తప్ప ఏమీ లేదని ఇంటికి ఉత్తరాలు వ్రాసినాను. ఆ ఉత్తరాలన్నీ రద్దు చేయవలసి ఉన్నది.

ఇక ఆ పక్షులు. పులికాట్ వైపు వచ్చే రాజహంసల వంటివని మీరన్నారు. నాలుగు వందల పన్నెండు వరకు లెక్కించినాను. అప్పుడు ఒకటి మా పడవకు మూడు బారల దూరంలోకి నడచి వచ్చి, మెడ వంచి, నన్ను తనిఖీ చేసినది. లెక్క తప్పినది. స్టోర్ కీపరుగా నా జీవితంలో లెక్క తప్పిన పిదప మళ్ళీ మొదటి నుంచి లెక్కించకపోవడం అదే ప్రథమం. వెనుక సీటు నుంచి అచ్చాయమ్మ గారు "ఏవండీ, ఏడుస్తున్నారా?" అని అడిగినారు. "లేదండీ, మంచు" అని రికార్డు నిమిత్తం చెప్పాను. "నాక్కూడా మంచేనండి" అన్నారామె.

పడవలు దిగబడిన కారణంపై విచారణ పూర్తయినది. పంచాంగం మొదటి పేజీలో "ఇందలి సమయములు భారత కాలమానము ప్రకారము" అని అచ్చయి ఉన్నది. నేను ఎల్లప్పుడూ రెండవ పేజీ నుంచి చదువుతాను. అనగా ఆ వర్జ్యం ఇక్కడ రాత్రి 10.10కే వదిలినది. మన చాప తడిసిన వేళకు మనం నిక్షేపంగా ఎక్కవచ్చును. దోషం పూర్తిగా కార్యదర్శిది. కార్యదర్శికి నేను మెమో జారీ చేసి సంజాయిషీ కోరినాను. సంజాయిషీ అందినది. అది సంతృప్తికరంగా లేదు. 17వ తేదీ ఉత్తరం మీరే వ్రాసినట్టు కూడా కార్యవర్గం ఇప్పుడు అంగీకరించినది.

ఈ విషయములన్నీ అరబ్బీలో టైపు చేయించి నిన్న మీ కఫీల్ గారికి స్వయంగా అందించాను. ఆయన చదవక ముందే నవ్వినారు. పడవలు రాకపోయేసరికి గాబరాపడి మూడు గంటలకే తీరానికి వచ్చినారట. మీ దీపం కనిపించి నిలబడిపోయినారట. దుర్భిణిలో తెల్లవారే వరకు చూసినారట, తాడు పట్టుకొని బురదలో ఒక మనిషి నిలబడటం, ఆ తాడు ఒక్కసారైనా కదలకపోవడం. తన తాత ముత్యాల వేటకు పోయిన పడవలో ఇలాంటి తాడు పట్టే మనిషి ఒకడు ఉండేవాడని, నీటి అడుగున ఉన్నవాడి ప్రాణం ఆ చేతిలో ఉండేదని చెప్పినారు. తాళంచెవి ఎందుకు తీసుకున్నారని పద్ధతి ప్రకారం అడిగాను. "షెడ్డు తాళం కాపలావాడి దగ్గర ఉంటుంది. గైడు దగ్గర ఎందుకు?" అన్నారు. కొత్త కాపలావాడు శనివారం చేరుచున్నాడు. మీ ఇఖామా కాగితములు ఆఫీసుకు పోయినవి. ఆ మాట మీతో ఎందుకు చెప్పలేదంటే, మీరు వినే స్థితిలో ఉన్నట్టు కనిపించలేదన్నారు.

మరొక విషయం. మోకాళ్ళ నొప్పుల వారితో కలిపి, తదుపరి విహారానికి ఇంతవరకు ముప్పై ఒక్క దరఖాస్తులు అందినవి. అందరూ ఒకే షరతు విధించినారు. పడవలు తప్పనిసరిగా బురదలో దిగబడవలెను. సకాలంలో తిరిగి వచ్చే విహారం తమకు అక్కరలేదన్నారు. మీ కఫీల్ గారు తల గోక్కొని, అంత కచ్చితంగా ఆలస్యం కావడం ఎట్లాగని నన్ను సలహా అడిగినారు. ఇకపై సమయములు నేనే నిర్ణయించుటకు ఒప్పందం కుదిరినది. దిగబడుటకు ముందు ప్రతి పడవకూ దుప్పటి, నీళ్ళు, పచ్చడి డబ్బా ఉండునట్లు మీరు చూడగలరు. తాడు మీరే పట్టుకోవలెను. అది షరతులలో మొదటిది.

పదకొండవ గడి నింపినాను. చాలాసేపు ఆలోచించి ఒకే మాట వ్రాశాను: "అలాగేనండి."

ఇట్లు,
పే. వెంకటసత్యనారాయణ

తాజా కలం: పీత ఇంకా చెప్పులోనే ఉన్నది. చెప్పు దానికే కేటాయించడమైనది.

మరొక తాజా కలం: నిన్నటి సమావేశంలో ఒక నియమం ఆమోదం పొందినది. ఆ రాత్రి చూసినదాని గురించి, చూసినవారు చూడనివారికి చెప్పదలచినచో, మీరు తాడుతో నిలబడినట్టే, నిలబడి మాత్రమే చెప్పవలెను. కూర్చొని చెప్పరాదు. చెప్పేవారు మంచం పట్టి ఉన్నచో, వినేవారు నిలబడవలెను. ఇద్దరూ మంచం పట్టి ఉన్నచో, ఇరువురి తరఫున కార్యదర్శి వచ్చి నిలబడును. ఈ నియమం అంతిమం. సవరణకు గాని, అప్పీలుకు గాని తావు లేదు.